పరపతి సంఘమునకు నాయకులు ఎట్లు తయారగుదురు?



మీ గ్రామపు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘము బాగుగా నడచుచున్నదా అని ఎవరైనా అడిగినచో, యూరియా వేళకు వచ్చినదా, ఎకరమునకు ఎంత ఋణము దొరికినది అను విషయములనే మీరు ముందుగా తలచెదరు. ఇవి అడుగవలసిన ప్రశ్నలే. వీటికంటె ముందు అడుగవలసినది మరొకటి కలదు. సంఘములో పనిచేయు గుమాస్తాకు ఒక చెడ్డ వార్త తెలిసినపుడు, ఆతడు దానిని అదేరోజు అధ్యక్షునితో భయము లేకుండ చెప్పగలడా? చెప్పలేని సంఘములో ఆస్తి అప్పుల పట్టిక ఎంత చక్కగా కనబడినను దానిని నమ్ముటకు వీలులేదు. కార్యాలయములోని మాట తీరునకును, రేపటి నాయకుల తయారీకిని, మీ పొలమునకు అందు పెట్టుబడికిని గల సంబంధమును ఈ వ్యాసములో చూతము.

పరపతి సంఘము మనకు జర్మనీ దేశము నుండి వచ్చినది. అక్కడ ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అను గ్రామాధికారి 1846-47 నాటి కరవులో బీదలకు రొట్టె అందించుటతో పని మొదలుపెట్టి, 1864లో హెడెస్‌డార్ఫ్‌లో రైతుల ఋణసంఘమును స్థాపించెను. ఆయన పద్ధతిలో సంఘము ఒక చిన్న ప్రాంతమునకే పరిమితము. సభ్యులు ఒకరినొకరు ఎరిగియుండవలెను. లెక్కలు వ్రాయు వానికి తప్ప పాలకవర్గమునకు జీతము లేదు. మద్రాసు ప్రభుత్వము కోరికపై ఫ్రెడ్రిక్ నికల్సన్ ఈ పద్ధతిని పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు ఇచ్చెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. విశేషమేమనగా, బోస్టను నగరపు వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ 1907లో మన దేశమునకు వచ్చి గ్రామ పరపతి సంఘములను చూచిపోయెను. అమెరికాలో క్రెడిట్ యూనియన్లు అను సంఘములు వ్యాపించుటకు పాటుపడినవారిలో ఆయన ముఖ్యుడు. మన పల్లెల పాఠము అంత దూరము పోయినది.

చట్టము వచ్చినంత మాత్రమున పని కాలేదు. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతులు తెచ్చిన అప్పులలో సహకార సంఘముల వాటా సుమారు 3 శాతము మాత్రమే అని తేలినది. నాటినుండి ప్రభుత్వములు ఎన్నో మార్పులు చేసినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో ఏక గవాక్ష విధానము వచ్చి స్వల్పకాలిక, దీర్ఘకాలిక ఋణములు ఒకే చోట దొరుకునట్లయినది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చినది. 2022లో దేశములోని 63,000 ప్రాథమిక సంఘములకు కంప్యూటర్లు అమర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము ఆమోదించినది. చట్టము గాని, ధనము గాని, యంత్రము గాని చేయలేని పని ఒకటి మిగిలియున్నది. అది కార్యాలయములో కూర్చున్న నలుగురైదుగురి నడుమ జరుగవలసినది.

పుస్తకములో వసూలు, పొలములో అప్పు

ఒక లెక్క చూడండి. ఇది ఉదాహరణ కొరకు వేసిన లెక్క. ఒక రైతు పంట ఋణము 1,00,000 రూపాయలు తీసికొనెను. రాయితీల సంగతి పక్కనబెట్టి, 7 శాతము వడ్డీ చొప్పున సంవత్సరాంతమునకు 1,07,000 కట్టవలెను. పంట దెబ్బతినినది, చేతిలో పైకము లేదు. గడువు దగ్గరపడినది. వసూలు శాతము తగ్గినచో జిల్లా బ్యాంకు నుండి మాట వచ్చునని అధ్యక్షునికి భయము, అధ్యక్షుడు కేకలు వేయునని కార్యదర్శికి భయము. అప్పుడు ఊరిలోని వడ్డీ వ్యాపారి ఒకడు రెండు రోజుల కొరకు 1,07,000 సర్దును. అందుకు ఆతడు 2,000 పుచ్చుకొనును. సంఘములో పాత బాకీ తీరినట్లు రశీదు వ్రాయుదురు. మరునాడు అదే రైతునకు 1,10,000 కొత్త ఋణము మంజూరగును. దానిలో 1,09,000 వ్యాపారికి పోవును. రైతు చేతిలో మిగిలినది 1,000 రూపాయలు.

ఇప్పుడు పుస్తకము తీసి చూచినచో నూటికి నూరుపాళ్ళు వసూలు. కొత్తగా ఇచ్చిన ఋణము కూడ పెరిగినది. అధ్యక్షునికి ప్రశంస. కాని ఆ రైతు వచ్చే పంటకు విత్తనము, ఎరువు, దుక్కి, కూలి అన్నిటికిని వేయి రూపాయలతో నెట్టుకొని రావలెను. కనుక ఆతడు నేరుగా కమీషను వ్యాపారి వద్దకు పోయి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చును. వడ్డీ వ్యాపారి నుండి తప్పించుటకై పుట్టిన సంఘము సభ్యుని చేయి పట్టుకొని ఆతని వాకిటికే తీసికొనిపోయి విడిచినది. దీనిని కార్యాలయ భాషలో పుస్తకపు సర్దుబాటు అందురు. నా అభిప్రాయములో దీనికి తగిన పేరు అబద్ధము.

ఈ అబద్ధము ఒక్కరి పని కాదు. రశీదు వ్రాసిన గుమాస్తాకు తెలియును. పైకము లెక్కించిన క్యాషియరుకు తెలియును. తీర్మానముపై సంతకము చేసిన డైరెక్టర్లలో సగము మందికి తెలియును. అందరికిని తెలిసిన సంగతి ఎవరును పైకి అనకపోవుటయే పాడైన కార్యాలయపు మొదటి లక్షణము. ఆ మౌనమునకు రైతు చెల్లించు మూల్యము ఇంకొకటి కూడ కలదు. ప్రకృతి వైపరీత్యము ప్రకటించిన ప్రాంతములలో స్వల్పకాలిక పంట ఋణమును మధ్యకాలిక ఋణముగా మార్చి, కట్టుటకు వ్యవధి ఇచ్చు పద్ధతి కలదు. ఋణము తీరిపోయినట్లు పుస్తకము చూపుచున్నచో మార్చుటకు అక్కడ ఋణమెక్కడిది? నిజమును వేళకు చెప్పిన సంఘము తన సభ్యునికి ఆ వ్యవధి కోరవచ్చును. దాచిన సంఘము కోరలేదు.

దీనికి మందు పాలకవర్గ సమావేశములోనే కలదు. అజెండాలో మొదటి అంశముగా, పూలదండలకు, ప్రశంసలకు ముందుగా, రాని బాకీలను ఉంచవలెను. "ప్రెసిడెంటుగారూ, ఈ నెల పదకొండు మంది కట్టలేరండి. వారిలో నలుగురి చేలు నీట మునిగినవి, ఇద్దరు ఉండి కూడ కట్టుటలేదు" అని కార్యదర్శి చెప్పగలుగవలెను. అధ్యక్షుడు ఆ మాట విని మొదట అడుగవలసినది "ఆ నలుగురికి ఏమి చేయగలము?" అని. "నీవేమి చేయుచుంటివి?" అని కేక వేసినచో మరుసటి నెల ఆ సంఖ్య పదకొండు నుండి సున్నకు దిగును. బాకీలు మాత్రము ఎక్కడివక్కడనే ఉండును.

క్యాషియరు జేబు

ఇంకొక చిన్న సంగతి. చూచుటకు మంచితనము వలె కనబడును గనుక దీనిని ఎవరును పట్టించుకొనరు. సాయంత్రము లెక్క చూచుకొనగా పెట్టెలో 500 రూపాయలు తక్కువ పడినవి. క్యాషియరు మారుమాటాడక తన జేబులోనుండి వేసి చిట్టా సరిచేయును. ఎంత నిజాయితీ అని మెచ్చుకొందురు. కాని ఇట్లు చేయువాడు, మరొకనాడు 500 ఎక్కువ వచ్చినచో దానిని పాత నష్టమునకు చెల్లు అని జేబులో వేసికొనును. ఆ ఎక్కువ వచ్చినది ఏ ముసలమ్మ పొదుపు ఖాతాలోనిదో! కొంతకాలమునకు సంఘపు పెట్టెకును, క్యాషియరు జేబునకును నడుమ గోడ ఉండదు. కనుక తక్కువైనను, ఎక్కువైనను ఆ రోజే తేదీతో పుస్తకములో వ్రాసి, కార్యదర్శి సంతకము చేయవలెను. తాను చేసిన పొరపాటును తానే వచ్చి చెప్పినవానిని ఒక విధముగా, దాచినవానిని మరొక విధముగా చూచు సంఘములోనే ఇది సాధ్యము. రెంటికిని ఒకే తిట్టు అయినచో చెప్పువాడు వెర్రివాడగును.

ఇనుప పెట్టెకు రెండు తాళములు, రెండు చేతులలో ఉండవలెను. క్యాషియరు ఏటేటా కొన్ని రోజులు వరుసగా సెలవు తీసికొనవలెను, ఆ రోజులలో మరొకరు పైకము చూడవలెను. దీనివలన రెండు లాభములు. లోపమున్నచో బయటపడును. అంతకంటె ముఖ్యముగా, రెండవవానికి పని వచ్చును. "మా క్యాషియరు పదునెనిమిది సంవత్సరములుగా ఒక్క రోజు సెలవు పెట్టలేదు" అని గొప్పగా చెప్పుకొను సంఘమును చూచి నేను సంతోషింపను. కంప్యూటరు వచ్చిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరము. ఎవరి సంకేతపదము వారికే ఉండవలెను. కార్యదర్శి సంకేతపదమును కాగితముపై వ్రాసి కంప్యూటరు అంచున అతికించుకొన్నచో, యంత్రములో ఎవరు ఏ పద్దు వ్రాసినది తెలిసికొనుటకు ఆధారమే పోవును.

సంఘపు ఉద్యోగికి జీతము సామాన్యముగా సంఘపు ఆదాయము నుండియే రావలెను. వ్యాపారము క్షీణించిన చోట నెలల తరబడి జీతము నిలిచిపోవును. జీతము ఆపి నిజాయితీని మాత్రము వేళకు ఇమ్మని అడుగుట న్యాయము కాదు. సభ్యుల ఎదుట గుమాస్తాను "ఒరే" అని పిలుచు అధ్యక్షుడు, రేపు అదే సభ్యులు ఆ గుమాస్తా మాట విని బాకీ కట్టవలెనని ఎట్లు ఆశించును? స్త్రీలు పనిచేయు కార్యాలయములో మరుగుదొడ్డి లేకపోవుట ఇప్పటికిని కొన్నిచోట్ల చూచుచున్నాము. పనిచేయు చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు చట్టము 2013లో వచ్చినది. పదిమంది, అంతకు పైన పనిచేయు చోట లోపలనే ఫిర్యాదుల కమిటీ ఉండవలెను. మన సంఘములలో అంతమంది సామాన్యముగా ఉండరు. అట్టి చోట పనిచేయు స్త్రీ జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. గ్రామోద్యోగులు ఈ విషయమును తెలిసియుండి చెప్పుట మేలు.

రెండవ వరుస

నాయకత్వము ఎన్నికతో రాదు. ఎన్నిక కుర్చీని ఇచ్చును, పని నేర్పదు. అట్లని ఎన్నికలే లేకపోయినచో నేర్చుకొను బడియే మూతపడును. ఉమ్మడి రాష్ట్రములో 2013లో సంఘములకు ఎన్నికలు జరిగినవి. తెలంగాణలో ఆ తరువాత జరిగినవి 2020 ఫిబ్రవరిలో. పాలకవర్గపు గడువు అయిదేండ్లే గదా! ఎన్నిక వాయిదా పడిన ప్రతి సంవత్సరము, ముందుకు రాదగిన యువకుడు ఒకడు వేరే దారి చూచుకొనును.

భీమదేవరపల్లి మండలములోని ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకును గూర్చి మీలో చాలమంది వినియుందురు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు దానిని ప్రారంభించిరి. ఋణముతో ఆగక ధాన్యము, ప్రత్తి, విత్తనముల వ్యాపారమును చేపట్టి ఇప్పటికిని ఆ సంఘము నిలిచియున్నది. అక్కడికి పోయి వచ్చువారు మిల్లులను, గోదాములను చూచి వత్తురు. చూడవలసినది స్థాపకుని తరువాత కూడ పని ఆగకపోవుట. ఒక్క మనిషి గొప్పతనముపై నిలిచిన సంఘములు మన రాష్ట్రములలో ఎన్నో పుట్టినవి, ఆ మనిషితోనే అవి పోయినవి.

రెండవ వరుసను తయారుచేయుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ప్రతి డైరెక్టరుకు ఒక పని అప్పగించవలెను. ఒకరు నెలకొకసారి ఎరువుల గోదాములో బస్తాలను స్వయముగా లెక్కించి నిల్వ పుస్తకముతో పోల్చవలెను. ఒకరు పది ఖాతాలు తీసికొని, ఆ సభ్యుల ఇండ్లకు పోయి, పుస్తకములోని బాకీయు వారు చెప్పు బాకీయు ఒకటేనా అని చూడవలెను. ఆరు నెలలకు ఈ పనులు చేతులు మారవలెను. ఇట్లు అయిదేండ్లు తిరిగినవానికి సంఘపు లెక్క చదువుట దానంతట అదే వచ్చును. చదువు తక్కువ అను సాకు చెల్లదు. బస్తాలు లెక్కించలేని రైతు లేడు. ఉద్యోగులను శిక్షణకు పంపవలెను. రాజేంద్రనగరులోని సహకార నిర్వహణ సంస్థ వంటివి ఇందుకొరకే ఉన్నవి. శిక్షణ నుండి వచ్చినవాడు నేర్చినది పాలకవర్గము ఎదుట ఒక గంట చెప్పవలెను, లేనిచో అది ఉచిత ప్రయాణముగానే మిగులును.

ఇంకను ఒక వనరు మన కండ్ల ముందే ఉన్నది. డ్వాక్రా పొదుపు సంఘములలో మొదటి లీడరుగా, గ్రామ సమాఖ్యలో, మండల సమాఖ్యలో పనిచేసిన స్త్రీలు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారమువారము పైకము లెక్కించి, కట్టని ఇంటికి పోయి కూర్చుండి, గొడవపడక వసూలు చేసినవారు వారు. ఇంతకు మించిన శిక్షణ ఏ అధ్యక్షునికి కలదు? అయినను పరపతి సంఘపు పాలకవర్గములో వారు అరుదుగా కనబడుదురు. భూమి పాసుపుస్తకము మగవారి పేర నుండుట ఒక కారణము. ఎన్నికైన స్త్రీకి బదులు భర్త వచ్చి కూర్చుండి, తీర్మానముల పుస్తకమును సంతకము కొరకు ఇంటికి పంపుట రెండవ కారణము. ఈ రెండవదానిని ఆపుటకు చట్టము అక్కరలేదు. పుస్తకమును కార్యాలయము దాటనీయకుండిన చాలును.

ఈసారి మహాజన సభకు పోయినపుడు, లాభనష్టముల పట్టిక చదివిన తరువాత, సిబ్బంది సెలవు పుస్తకమును తెప్పించమని అడుగండి. గత సంవత్సరము క్యాషియరు వరుసగా ఎన్ని రోజులు సెలవు తీసికొనెనో, ఆ రోజులలో ఇనుప పెట్టె తాళము ఎవరి చేతిలో నుండెనో దానివలన తెలియును.