ఒక మెతుకు పట్టి చూచు శాస్త్రము

మెదకు పట్టణమునకు పూర్వము మెతుకుదుర్గమని పేరుండెడిదని చెప్పుదురు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు మనము కుండనంతయు కుమ్మరింపము. మెతుకు పట్టి చూతుము. ఆర్థిక విషయములను గణితముతో కొలుచు ఎకనోమెట్రిక్స్ శాస్త్రమునకును ఇదియే ఆధారము. అయితే పై మెతుకు మాత్రమే చూచిన చాలదు. అడుగుదియు, నడిమిదియు చూడవలెను.

పూర్వపు మెదకు జిల్లాలోని పటాన్‌చెరువునందు 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వెలసినది. 1975లో ఈ సంస్థ మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాలలో ఆరు గ్రామములను ఎన్నుకొని, గ్రామమునకు 40 కుటుంబముల చొప్పున ఆదాయవ్యయములు వ్రాయింపసాగెను. అందు భూమిలేని కూలీలు 10 కుటుంబములు. చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి కుటుంబములు. అనగా కుండలోని అన్ని పొరల మెతుకులును పట్టి చూచిరన్నమాట.

రాబర్ట్ టౌన్సెండ్ అను అమెరికా ఆర్థికవేత్త వీనిలో మూడు గ్రామముల లెక్కలను శోధించి 1994లో ఫలితములను ప్రకటించెను. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి అందొకటి. ఒక యింట పంట పోయినచో ఆ యింటి తిండి కూడ అంతగా తగ్గునా అనునది ఆయన ప్రశ్న. ఇంటి ఖర్చు ఆ యింటి రాబడికంటె ఊరి సగటు ఖర్చునే ఎక్కువగా అనుసరించుచున్నదని తేలినది. ఇరుగుపొరుగుల చేబదుళ్లు, సాయములు, గాదెలోని నిల్వలు కష్టమును పంచుకొనుటకు తోడ్పడునవే. కాని ఈ రక్షణ సంపూర్ణము కాదు. ఒక గ్రామమున భూమిలేనివారికి అది మరింత తక్కువగా నుండెను.

ఇందొక హెచ్చరిక కలదు. వాన అందరికిని కరవైనప్పుడు ఊరి సగటే పడిపోవును. అప్పుడు బదులిచ్చు పొరుగువాడెవడు? ఘనపురము ఆనకట్ట కాలువ క్రింది రైతు మెట్టరైతును ఒక యేడు ఆదుకొనగలడు. మంజీర యెండిన నాడు ఇద్దరును ఒకే స్థితిలో నుందురు. కావున ఊరి వెలుపలి బ్యాంకు, భీమా అవసరమగుచున్నవి.

2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ వర్షపాత భీమాను ప్రవేశపెట్టినవి. పొలము చూడకయే, వర్షమాపకమున నమోదైన వానను బట్టి సొమ్ము చెల్లింతురు. ఆశించినంతమంది దీనిని కొనలేదు. చేత డబ్బు లేమి, భీమా సంగతి తెలియకపోవుట, అమ్మువానిపై నమ్మకము చాలకపోవుట ముఖ్య కారణములని తరువాతి పరిశోధనలు తెల్పినవి.

కావున భీమా సొమ్ము కట్టుటకు ముందు మనము మూడు సంగతులు అడిగి తెలిసికొందము: వర్షమాపకము మన చేనికెంత దూరము? ఎంత వాన తగ్గిన ఎంత సొమ్ము వచ్చును? ఎన్ని దినములలో వచ్చును? మాపకమున్న చోట వాన కురిసి మన చేను ఎండినచో సొమ్ము రాకపోవచ్చును. ఈ లెక్క తెలిసిన రైతు మోసపోడు.