ఇరవై ఒక్క ఆకులు – ఒక రేగుచెట్టు నీడ



చవితినాడు స్వామికి ఇరవై ఒక్క రకాల పత్రితో పూజ చేస్తాం. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం అని పుస్తకం చూసి చదువుతూ, చేతికి ఏ ఆకు వస్తే ఆ ఆకు వేస్తాం. ఇండియా నుంచి విమానంలో వచ్చిన పత్రికట్టలో ఏది వాకుడో, ఏది వావిలో మనలో ఎందరికి తెలుసు? మూడేళ్ల కిందట పూజ మధ్యలో మా అమ్మాయి ఇదే ప్రశ్న అడిగింది. జవాబు చెప్పలేకపోయాం. ఆ వారమే షువైఖ్‌లో మా ఇళ్లకు దగ్గరున్న చిన్న తోటకు ప్రతి శుక్రవారం పొద్దున్నే వెళ్లడం మొదలుపెట్టాం. మేమంటే మూడు కుటుంబాలవాళ్లం.

మా నియమాలు రెండే. ఒకటి, ఆకు కోయరాదు. రెండు, పావుగంటసేపు మాట్లాడకుండా కూర్చుని, చూసినది పుస్తకంలో రాయాలి.

తోటలో దొరికిన పత్రి

మొదట కనబడింది కాళ్ల కిందే ఉంది. పచ్చికగా పెంచేది మన గరికే. కంచె పొడవునా గన్నేరు. ఒక మూల దానిమ్మ. మధ్యలో ఒక పెద్ద ముళ్లచెట్టు. దాన్ని ఇక్కడివారు సిదర్ అంటారు, పండును కనార్ అంటారు. అది మన రేగుకు దగ్గరి చుట్టం. తులసి మా బాల్కనీ కుండీలోనే ఉంది. జమ్మి దొరకలేదు గానీ, దాని గురించి వెతికితే పిల్లలకు ఒక మంచి సంగతి తెలిసింది. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మే అరబ్ ఎమిరేట్స్ జాతీయ వృక్షం కూడా. అక్కడ దాని పేరు ఘాఫ్.

వైద్యులుగా ఒక హెచ్చరిక. పత్రిలోవన్నీ మందులే కదా అని ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. గన్నేరులోని విషం గుండె లయను తప్పిస్తుంది. ఉమ్మెత్తలో ఉండే ఆట్రోపిన్ చెమట పట్టనివ్వదు. చెమట ఆగితే ఒంట్లో వేడి బయటికి పోయే ప్రధాన దారి మూసుకుపోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆకు, పిట్ట, మనిషి

చెట్టు వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల సన్నని రంధ్రాల గుండా ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరి వేడిని తీసుకుపోతుంది. అందుకే రేగు నీడ రేకుల షెడ్డు నీడకంటే చల్లగా ఉంటుంది. ఇక పిట్టలకు చెమట గ్రంథులే లేవు. ఎండ ముదిరితే తెల్లచెంపల పిగిలిపిట్ట కొమ్మమీద నోరు తెరచి రొప్పుతుంది. మనిషికి చెమటే ఆధారం. అయితే చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రపు తేమ కమ్మినప్పుడు చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. అందుకే పొడి ఎండకంటే ఈ ఉక్క కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదకరం.

మేము చూడనిది

ఆ మరుసటి జూలైలో ఒక శుక్రవారం. ఉదయం తొమ్మిదిన్నర. తోటమాలి గన్నేరు కంచె పక్కన కూలబడి ఉన్నాడు. రాయచోటి దగ్గరి పల్లెవాడు. వారం వారం మాకు నమస్కారం పెట్టేవాడు. "ఏమన్నా, ఏమైంది?" అంటే సంబంధం లేని జవాబు చెప్పాడు. మేము ఏ రోజు అని అడిగితే వాళ్ల చెల్లెలి పెళ్లి గురించి మాట్లాడాడు. ఒళ్లు కాలిపోతోంది. రేగుచెట్టు నీడకు మోసుకుపోయి, చొక్కా విప్పి, మా దగ్గరున్న నీళ్లన్నీ ఒంటిమీద పోసి, చాపతో విసిరాం. 112కు ఫోన్ చేశాం. దేవుని దయవల్ల మనిషి దక్కాడు.

ఆ రాత్రి మా పుస్తకం తీసి చూశాం. "పిగిలిపిట్ట 8.40కే నోరు తెరచింది" అని రాసి ఉంది. అదే ఎండలో అదే సమయానికి గొట్టం పట్టుకుని నిలబడ్డ మనిషి గురించి ఒక్క ముక్క లేదు. మేము చదివింది విదేశంలో, చలిదేశంలో. వడదెబ్బ గురించి తెలిసింది ఇక్కడి ఆసుపత్రుల్లోనే. అంత తెలిసీ ఇరవై అడుగుల దూరంలో ఉన్నవాణ్ణి చూడలేకపోయాం. గమనించడం నేర్చుకుంటున్నాం అనుకున్న మాకు అది పెద్ద పాఠం.

ఎండ ఎందుకు పెరుగుతోంది?

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలో ధ్రువపడిన అత్యధిక ఉష్ణోగ్రత అదేనని ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ప్రకటించింది. మన ఊళ్లూ దీనికి మినహాయింపు కాదు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్ర, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలిలో పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల్లో 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. అది భూమి వేడిని బయటికి పోనివ్వదు. ఉమ్మెత్త చెమటను ఆపినట్టే అనుకోండి.

ఇక్కడ మన ఏసీలు నడిచే కరెంటు దాదాపుగా చమురు, గ్యాస్‌ల నుంచే వస్తుంది. 2024 జూన్‌లో ఎండకు వాడకం పెరిగి కొన్ని ప్రాంతాల్లో కరెంటు కోతలు కూడా పెట్టారు. 2060 నాటికి కర్బన ఉద్గారాలను నికర సున్నాకు తెస్తామని కువైట్ 2022లో ప్రకటించింది. అప్పటిదాకా ఎండ అందరినీ ఒకేలా తాకదు. బరాక్ అల్‌అహ్మద్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇక్కడ తీవ్రమైన వేడిలో మరణించే ముప్పు ప్రవాసులకు ఎక్కువ. ఆ ప్రవాసుల్లో మన జిల్లాలవారు ఎంతమందో మీకు తెలుసు.

ఈ పండుగకు మనం చేయదగినవి

1. పూజలో వేసే ప్రతి ఆకునూ పిల్లలకు చూపించి పేరు చెప్పండి. పండుగ అయ్యాక దగ్గరి తోటలో ఒక చెట్టును ఎంచుకుని ఏడాదంతా చూడండి.

2. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. సెప్టెంబరులో అది వర్తించదు, ఉక్క మాత్రం తగ్గదు. కాబట్టి ఈ నెలలో బయట పనిచేసేవారికి చల్లని నీళ్లు ఇవ్వండి. ఇచ్చి వెళ్లిపోకుండా రెండు మాటలు మాట్లాడండి. మాట తడబడితే, జవాబు పొంతన లేకపోతే అది వడదెబ్బ కావచ్చు. నీడ, ఒంటిమీద నీళ్లు, గాలి, 112. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకండి.

3. ఏసీని 24 దగ్గర ఉంచండి. ఎవరూ లేని గదిలో ఆపేయండి.

ఈ రోజుల్లోనే తెల్లవారుజామున దక్షిణాన ఒక నక్షత్రం కనబడుతుంది. అరబ్బులు దాన్ని సుహైల్ అంటారు. అది వచ్చిందంటే ఎండలు తగ్గుముఖం పట్టినట్టే అని సంతోషిస్తారు. మనకది అగస్త్య నక్షత్రం, అది ఉదయిస్తే నీళ్లు తేటపడతాయని పెద్దల మాట. కూకుడుగువ్వలు కూడా ఉత్తరం నుంచి వచ్చి మా తోటలో దిగుతున్నాయి.

తోటమాలి కోలుకుని మళ్లీ పనిలోకి వచ్చాడు. ఇప్పుడు శుక్రవారం మా పుస్తకంలో మొదటి వరుస ఆయనదే. ఎన్నింటికి వచ్చాడు, నీళ్లు తాగాడా, ఎంతసేపు నీడన కూర్చున్నాడు అని రాస్తాం. ఆ తరువాతే పిట్టల సంగతి.

శుభం.