షాపుకు పోయే ముందు ఒక మాట

చెల్లీ, కంప్యూటర్ మళ్ళీ మొరాయించిందని నువ్వు చెప్పినప్పటి నుంచి నీతో ఈ సంగతి మాట్లాడాలని ఉంది. మన మైదుకూరులో పిల్లోళ్ళ ఇంజనీరింగ్ చదువుకో, ఇంట్లోంచే ఆఫీసు పని చేసే కోడలికో కొన్న కంప్యూటర్లు ఇప్పుడు చానా ఇండ్లల్లో ఉన్నాయి. వాటికి జబ్బు చేసిందంటే మనం భయపడతాము, షాపాయన ఎంత అడిగితే అంత ఇచ్చి వస్తాము. పసుపు అమ్మిన డబ్బులు, సంఘంలో నెలనెలా పొదుపు చేసిన డబ్బులు అట్ల పోతాంటే నాకు ప్రాణం ఒప్పదు.

మా వీధిలో ఒకామె ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏండ్ల వెనక్కి పోయేది. బ్యాంకు వెబ్‌సైటు తెరిస్తే ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని అడ్డం పడేది. షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారంట. పక్క ఊళ్ళో చదువుకునే మేనల్లుడు సెలవులకొచ్చి, మూత విప్పి చూస్తే పోయింది బోర్డు కాదు, దాని మీదుండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ. సీఆర్ 2032 అని దాని మీదే రాసుంటాది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని దాని కొలతలే ఆ పేరు. కరెంటు తీసేసినా లోపలి గడియారం తిరిగేది దాని వల్లనే. అది అయిపోతే తేదీ తప్పుతాది. తేదీ తప్పితే, బ్యాంకు సైటు చూపించే ధ్రువపత్రం గడువులో లేదనుకుని కంప్యూటరే నిన్ను ఆపేస్తాది. ఆ బ్యాటరీ వాచీలు బాగుచేసే కొట్లో కూడా కొద్ది రూపాయలకే దొరుకుతాది.

ఇంక మన సీమ దుమ్ము సంగతి చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో కంప్యూటర్ నత్తనడక నడిచిందంటే ముందు అనుమానించాల్సింది ఎండనూ దుమ్మునూ. ఫ్యాన్ రెక్కలకు, దాని కిందుండే హీట్‌సింక్ సందులకు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటాది. అప్పుడు ‘ర్యామ్ ఎక్కువ వేయించండి’ అని ఎవరన్నా అంటే వెంటనే తల ఊపొద్దు. ప్లగ్గు పీకేసి, పక్క మూత తీసి, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో నిదానంగా దులుపు. ఫ్యాన్ గిర్రున తిరగకుండా రెక్కను వేలితో పట్టుకో. పెట్టెను నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టు. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద పెట్టి వాడనీయొద్దు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

యూపీఎస్ కూడా అంతే. కరెంటు పోగానే కంప్యూటర్ టక్కున ఆగిపోతాంటే యూపీఎస్సే పాడైందని కొత్తది కొంటాము. ఇండ్లల్లో వాడే చిన్న యూపీఎస్‌లలో చానావరకు 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటాది. రెండు మూడేండ్లకు అది నీరసపడుతుంది. ముందు దాన్ని మార్పించి చూడు. పాతదాంట్లో సీసం ఉంటాది కాబట్టి చెత్తలో వేయకుండా షాపులోనే ఇచ్చేసి, ధర తగ్గించమని అడుగు.

సాఫ్ట్‌వేర్ కాడ జరిగే ఖర్చు కంటికి కనపడదు. విండోస్‌తోనే కొన్న ల్యాప్‌టాప్ అయితే, ఈ పదేండ్లలో వచ్చినవాటిలో ఆ లైసెన్సు మదర్‌బోర్డులోనే భద్రంగా ఉంటాది. ఫార్మాట్ చేసి అదే రకం విండోస్ మళ్ళీ ఎక్కిస్తే, నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతాది. దానికి ఇంకోసారి డబ్బు కట్టాల్సిన పని లేదు. ఎక్కించిన శ్రమకు కూలి ఇవ్వు, న్యాయం. క్రాక్ చేసిన కాపీ మాత్రం వద్దని చెప్పు, వైరస్‌లు ఆ దొడ్డిదారినే వస్తాయి. యాంటీవైరస్ అంటావా, 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ లోపలే ఉంది. ఇంటి వాడకానికి అది చాలు, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్ ‘గడువు ముగిసింది’ అని ఎర్రగా బెదిరించినా కంగారు పడొద్దు. తీసేస్తే డిఫెండర్ తనే పని అందుకుంటాది. రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు అని అమ్మేవాటికి పైసా పెట్టొద్దు.

ఉత్తరాలు, లెక్కల పట్టికలకు లిబ్రేఆఫీస్ ఉచితం, తెలుగులో కూడా పనిచేస్తాది. తెలుగు అక్షరాలకు డబ్బు పెట్టే కాలం కూడా పోయింది. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి లాంటి ఫాంట్లను సిలికానాంధ్ర అనే సంస్థ ఉచితంగా అందించింది. అవి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పెండ్లిపత్రిక అచ్చు వేయించినా చక్కగా కనపడతాయి.

ఇప్పుడు అందరినీ భయపెడుతున్నది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దాని మద్దతు ఆగిపోయింది, పాత కంప్యూటర్లు చానావరకు విండోస్ 11కు పనికిరావు. అంతమాత్రాన కొత్తది కొనాలని లేదు. మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే వాటికి డబ్బు కట్టే పని లేదు. ఆ తర్వాత విండోస్‌కు బదులు వేసుకోను లైనక్స్ మింట్ ఉంది, అది ఎప్పటికీ ఉచితమే. పాత మిషన్ల మీద హాయిగా నడుస్తాది. మన తెలుగువాళ్ళు నడిపే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది కూడా.

స్క్రీన్ నిండా హెచ్చరిక వచ్చి, సైరన్ మోగి, ‘ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అంటే అది మోసమే. ఫోన్ చేయొద్దు, నీ కంప్యూటర్‌ను దూరం నుంచే నడిపించే ఎనీడెస్క్ లాంటివి ఎవరు చెప్పినా ఎక్కించొద్దు. కంప్యూటర్ ఆపేయి. డబ్బు పోయుంటే ఆ నిమిషమే సైబర్ మోసాల నంబరు 1930కి చెయ్యి, ఎంత తొందరగా చేస్తే అంత ఆశ ఉంటాది.

ఖర్చు పెట్టాల్సిన చోట్లు లేకపోలేదు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఐదారేండ్ల మిషన్ కూడా లేచి కూర్చుంటాది. ఆ డబ్బు దండగ కాదు. తీసిన పాత డిస్క్‌ను అడిగి ఇంటికి తెచ్చుకో, దాంట్లో నీ ఆధార్ కాపీలు, పాస్‌బుక్ ఫోటోలు ఉంటాయి. ఇంకొకటి, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్. బిడ్డల ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు, చదువు సర్టిఫికెట్లు రిపేరుకు ఇచ్చే ముందే దాంట్లోకి ఎక్కించుకోమ్మా. ఫార్మాట్ కొట్టినాక ఎంత బతిమాలినా తెచ్చియ్యడం అన్నిసార్లూ షాపాయన చేతిలో కూడా ఉండదు.