బండి వ్యాపారికి శిక్షణ: చట్టం మాటేంటి, గల్లాపెట్టె మాటేంటి?

శిక్షణకు రాకపోతే బండి తీసేస్తామంటున్నారు. తీసేయొచ్చా?

కుదరదు. 2014 వీధి వ్యాపారుల చట్టంలో వెండింగ్ సర్టిఫికెట్‌కు శిక్షణ షరతు లేదు. వ్యాపారం తానే, లేదా ఇంటివాళ్ల ద్వారా చేసుకుంటానని, బతకడానికి వేరే ఆధారం లేదని, సర్టిఫికెట్‌ను ఇంకొకరికి అద్దెకివ్వనని హామీ ఇవ్వాలి. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నచోటు నుంచి ఎవరినీ లేపకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. ఆ తర్వాతైనా ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సిందే.

మరి శిక్షణ ఇమ్మని మేం అడగొచ్చా?

అడగొచ్చు. కానీ 32వ సెక్షన్ కాస్త మెతక. హక్కుల మీద వ్యాపారులకు శిక్షణ ఇచ్చే వీలు ప్రభుత్వానికి కల్పించింది, అదీ నిధులున్నంత మేరకే. అందుకే కోర్టుకెక్కి సాధించే హక్కుగా దీన్ని అనుకోవద్దు. అడగాల్సిన చోటు టౌన్ వెండింగ్ కమిటీ. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. మీ వార్డులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని అడిగినా దారి చూపిస్తారు.

నిజంగా లాభం పెరుగుతుందా, లేక ఫొటోల కోసం పెట్టే తంతేనా?

తంతులూ ఉన్నాయి. అయితే పెరిగిన చోట్లూ ఉన్నాయి. కెన్యాలో 157 పల్లె సంతల్లో ఆడవాళ్ల వ్యాపారాల మీద పెద్ద పరీక్ష జరిగింది. అయిదు రోజుల శిక్షణ అందుకున్నవాళ్లకు మూడేళ్ల తర్వాత వారం అమ్మకాలు సగటున 18 శాతం, లాభం 15 శాతం ఎక్కువగా తేలాయి. మన దగ్గర అందరికీ ఉండే అనుమానం ఒకటుంది కదా, ఒకరు బాగుపడితే పక్క కొట్టు మునుగుతుందని. అక్కడ అలా జరిగిన దాఖలా కనబడలేదు. శిక్షణ లేని పక్కవాళ్ల బేరం తగ్గలేదు, మొత్తంగా సంతకే జనం పెరిగారు.

అన్ని శిక్షణలూ ఇలా ఫలించవు. ఆఫ్రికాలోనే టోగోలో మామూలు వ్యాపార పాఠాలు విన్నవాళ్లకు చెప్పుకోదగ్గ లాభం రాలేదు. చొరవ పెంచే శిక్షణ పొందినవాళ్లకు మాత్రం లాభం 30 శాతం పెరిగింది. సరుకులో కొత్తదనం తేవడం, ఇబ్బంది రాకముందే దారి వెతకడం లాంటివి నేర్పే శిక్షణ అది. పుస్తకంలో ఉన్నది వల్లెవేయించే గంటన్నర క్లాసుకీ దీనికీ పోలికే లేదు.

నాకు రాతకోతలు రావు. లెక్కలు నేర్చుకోగలనా?

జమాఖర్చుల చిట్టా మొత్తం నేర్వాల్సిన పని లేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు పద్ధతిగా అకౌంటింగ్ నేర్పితే పెద్దగా మార్పు రాలేదు. వ్యాపారం డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు అనే తరహా తేలిక సూత్రాలు చెబితే మాత్రం లెక్క మెరుగైంది. బండి కింద రెండు డబ్బాలు పెట్టుకోండి. ఇంటి ఖర్చు తీయాల్సింది ఒక్క డబ్బాలోంచే. రోజు చివర మిగిలిందెంతో కళ్లకు కనబడుతుంది.

పొద్దున డైలీ ఫైనాన్స్ తెచ్చి రాత్రికి కట్టేవాడికి శిక్షణతో ఒరిగేదేంటి?

ఇది గట్టి ప్రశ్న. చెన్నై మార్కెట్ వ్యాపారుల మీద, ఫిలిప్పీన్స్‌లోనూ పరిశోధకులు ఓ ప్రయోగం చేశారు. వడ్డీ వ్యాపారులకున్న బాకీ మొత్తం తామే తీర్చేశారు. ఆరు వారాల్లోపే ఎక్కువమంది మళ్లీ అప్పు చేశారు. అంటే ఒక్కసారి చేతిలో డబ్బు పోసినా, ఒక్కసారి పాఠం చెప్పినా డైలీ ఫైనాన్స్ వడ్డీ వదలదు. చవక అప్పు, రోజూ కొంత పక్కన పెట్టే అలవాటు రెండూ కలవాలి.

చవక అప్పు కోసం పీఎం స్వనిధి ఉంది. 2020లో మొదలైంది. 2025లో మార్చాక విడతలు 15 వేలు, 25 వేలు, 50 వేలు. పూచీకత్తు అక్కర్లేదు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, లేకుంటే మున్సిపాలిటీ సిఫారసు లేఖ చూపాలి.

తినుబండారాల బండికి వేరే నిబంధనలున్నాయా?

ఉన్నాయి. 2006 ఆహార భద్రత చట్టం కింద చిన్న బండికి లైసెన్సు అక్కర్లేదు గానీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీధి ఆహారం అమ్మేవాళ్లకని శుభ్రత మీద ఫోస్టాక్ శిక్షణలు జరుగుతుంటాయి, వెళ్లడం మంచిది. కూరగాయలు, పండ్లు అమ్మేవాళ్లు కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి, ఎలక్ట్రానిక్ కాటా అయితే ఏటా.

శిక్షణకు పిలుపొచ్చింది. ముందుగా ఏం అడగాలి?

ఏ వేళ పెడతారని అడగండి. సాయంత్రం బేరం పోగొట్టుకుని వినే పాఠం ఎవరికీ వద్దు. కూరల బండివాళ్లకు మధ్యాహ్నం, టిఫిన్ బండివాళ్లకు పదకొండు తర్వాత పెట్టమనండి. ఫోన్ పే స్క్రీన్‌షాట్ మోసాలు ఎలా పట్టుకోవాలో చూపిస్తారా అని అడగండి, ఈ రోజుల్లో అదీ నష్టమే. మున్సిపాలిటీ వాళ్లు సరుకు పట్టుకెళితే అధికారి సంతకంతో జాబితా ఇవ్వాలని, నిర్ణయించిన రుసుము కట్టి అడిగితే పాడయ్యే సరుకు ఆ రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలని వీధి వ్యాపారుల చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. మీ శిక్షణలో ఈ సెక్షన్ ఊసు రాకపోతే, చేయెత్తి అక్కడే అడగండి.