గ్రేవీ రుచి చూశాకే వైన్ కొను

మెట్టుగూడ, సికింద్రాబాద్
డిసెంబరు 4

బుజ్జితల్లికి,

ఈ ఏడు క్రిస్మస్ విందు అల్వాల్‌లో మీ ఇంట్లోనే అని మీ అమ్మ చెప్పింది. పన్నెండు మంది చుట్టాలు, నడుమ టర్కీ కోడి, ఒంగోలు నుంచి మీ అత్తగారూ మామగారూ. చాలా సంతోషంగా ఉంది. “టర్కీకి రెడ్ వైన్ కొనాలా, వైట్ కొనాలా పెద్దమ్మా?” అని మెసేజ్ పెట్టావు. దానికి ఒక్క ముక్కలో జవాబిస్తే నీకు పనికిరాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు టర్కీ సంగతి. ఆ పక్షికి సొంత రుచి తక్కువ. రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది, కొవ్వు ఉండదు, పది నిమిషాలు ఎక్కువ కాలితే పీచుపీచుగా ఎండిపోతుంది. తొడ మాంసం ముదురు రంగులో, కొంచెం కొవ్వుతో, రుచిగా ఉంటుంది. అంటే ఒకే పళ్లెంలో రెండు రకాల మాంసం వడ్డిస్తున్నావన్నమాట. ఈ పక్షిది అమెరికా ఖండం. 1612లో గోవా నుంచి ఒకటి జహంగీరు చక్రవర్తి దగ్గరికి వస్తే, ఆయన ఆశ్చర్యపోయి ఉస్తాద్ మన్సూర్ చేత దాని బొమ్మ గీయించాడు. దాన్ని క్రిస్మస్‌కి రోస్టు చేసే అలవాటు మాత్రం మనకు కంటోన్మెంటు బంగళాల నుంచి, లాలాగూడ, మెట్టుగూడ రైల్వే ఇళ్లలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాల నుంచి వచ్చింది. వాళ్లు టర్కీని ఉత్త ఉప్పుతో కాల్చి ఊరుకోలేదు. మిరియాలు, వెనిగర్, వెల్లుల్లి పట్టించారు. పొట్టలో మసాలా కైమా కూరారు. పక్కన కొబ్బరిపాల పసుపు అన్నం, బాల్ కర్రీ, ఎర్రగా మండే డెవిల్ చట్నీ పెట్టారు. నువ్వు వండబోయేదీ అదే కదా.

అందుకని, వైన్ ఎంచుకోవాల్సింది పక్షిని చూసి కాదమ్మా, గ్రేవీని చూసి. చప్పటి మాంసం ఏ వైన్‌తోనైనా సర్దుకుపోతుంది. సర్దుకోనివి మిరియం, ఎండుమిర్చి, వెనిగర్, గోంగూర.

విదేశీ పుస్తకాలు చాలావరకు టర్కీకి పినో నువార్ అనే రెడ్ వైన్ చెబుతాయి. అందులో వగరు తక్కువ, పులుపు బాగుంటుంది, వాళ్ల వంటకు అతుకుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు థాంక్స్‌గివింగ్‌కి బోజొలే నూవో కూడా తెచ్చుకుంటారు. ఆ ఏటి ద్రాక్షతో చేసిన ఆ ఫ్రెంచి వైన్ నవంబరు మూడో గురువారం అమ్మకానికి వస్తుంది, మరుసటి వారమే వాళ్ల పండగ. మన దగ్గర సంగతి వేరు. పినో నువార్‌కు చల్లని నేల కావాలి, మన దేశంలో పండేది బహు తక్కువ. దిగుమతి సీసా కొందామంటే, ఏళ్ల తరబడి విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకమే 150 శాతం. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చాక ఆ దేశపు సీసాలకు కొంత తగ్గింది. అయినా నీ డబ్బులో పెద్దభాగం పన్నుకే పోతుంది. మన నాసిక్, నంది హిల్స్, అక్లూజ్, హంపీ ప్రాంతాల వైన్‌తోనే ఈ విందు దర్జాగా జరుగుతుంది. బెంగ పెట్టుకోకు.

నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు అవుతుంది చూడు, రెడ్ వైన్‌లో ఆ వగరు ఉంటుంది. అది ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది, ఓక్ పీపాలో నిలవబెడితే ఇంకొంత చేరుతుంది. కొవ్వున్న మటన్ తింటూ తాగితే ఆ వగరు మెత్తబడుతుంది. కొవ్వులేని టర్కీ రొమ్ముతో తాగితే నోరు ఇంకా ఎండిపోతుంది. దానికి ఎండుమిర్చి తోడైతే మరీ కష్టం. వగరు కారాన్ని రెచ్చగొడుతుంది, మద్యం శాతం ఎక్కువైతే మంట ఇంకా పెరుగుతుంది. 14 శాతం ఉన్న బరువైన కాబర్నే సోవిన్యాన్ పక్కన నీ డెవిల్ చట్నీ పెడితే, మీ మరిది రెండు గుక్కలకే మంచినీళ్ల చెంబు వెతుక్కుంటాడు. ఖరీదైన సీసా కదా అని దాన్నే తేకు.

కారానికి మందు తీపి, చల్లదనం. అందుకే నా మొదటి ఓటు రోజే వైన్‌కి. సులా వాళ్ల జిన్‌ఫాండెల్ రోజే కొను. ఒకింత తీపి, లేత గులాబీ రంగు, వగరు దాదాపు లేదు. రొమ్ము ముక్కకూ తొడ ముక్కకూ, మిరియాల గ్రేవీకీ కూడా నప్పుతుంది. వైట్ కావాలనే వాళ్లకు షెనిన్ బ్లాంక్, అది కూడా కాస్త తీపి వైపే ఉంటుంది. 1999లో నాసిక్‌లో సులా మొదలైనప్పుడు ఈ షెనిన్ బ్లాంక్, సోవిన్యాన్ బ్లాంక్ ద్రాక్షలు మన దేశంలో చాలామందికి కొత్త. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఏ పెద్ద షాపులో అడిగినా తీసిస్తారు.

మీ మామయ్యలు మాత్రం రెడ్ లేకపోతే విందే కాదంటారు, నాకు తెలుసు. వాళ్ల కోసం ఫ్రాతెల్లీ వాళ్ల సాంజొవేజే ఒక సీసా తీసుకో. ఆ ద్రాక్ష ఇటలీది. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో పండిస్తున్నారు. పులుపు బాగా ఉండే రెడ్ అది. బాల్ కర్రీలో టమాటా ఉంటుంది కాబట్టి ఆ పులుపు ఈ పులుపుతో కలిసిపోతుంది. పులుపు తక్కువ వైన్ అయితే టమాటా పక్కన నీళ్లలా చప్పబడుతుంది. షిరాజ్ అడిగినా పొయ్యి, తప్పులేదు. షిరాజ్‌లో మిరియం వాసన వస్తుందని రుచి చూసేవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దానికి కారణం తేల్చారు. నల్ల మిరియాల్లో ఘాటు వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే ఆ వైన్‌లోనూ ఉంది. నీ గ్రేవీకి చుట్టమే అన్నమాట. కాకపోతే ఓక్ పీపాలో ఎక్కువకాలం పెట్టిన ఖరీదు రకం వద్దు, మామూలు షిరాజ్ చాలు.

క్రిష్మా వైన్ సంగతి కూడా అడిగావు. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ మందుల కంపెనీ పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్ గారూ ఉమ గారూ హంపీ కొండల దగ్గర వేసిన తోట అది. ఇద్దరి పేర్లూ కలిపే ఆ పేరు పెట్టుకున్నారు. తెలుగువాళ్లు ఇంత శ్రద్ధగా ద్రాక్ష పెంచి వైన్ చేస్తున్నారంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ వాళ్ల కాబర్నే ఈ విందుకు తేవద్దు. ఈస్టర్‌కి మేక తొడ రోస్టు చేసినప్పుడు తెరువు, దాని గొప్పతనం అప్పుడు తెలుస్తుంది.

ఇక గోంగూర. మీ అత్తగారు ఒంగోలు నుంచి జాడీతో తెస్తారు, తెచ్చాక బల్ల మీద పెట్టాల్సిందే. గోంగూర పులుపు ముందు చాలా వైన్‌లు నిలబడవు. సోవిన్యాన్ బ్లాంక్ ఒక్కటే కొంత ఎదురు నిలుస్తుంది. దానికోసం ప్రత్యేకంగా కొననక్కర్లేదు. గోంగూర పసుపు అన్నంలోకి కలుపుకుంటారు, ఆ నాలుగు ముద్దల సేపు గ్లాసు పక్కన పెడితే సరి.

అత్తగారి మాట వచ్చింది కనుక అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతాను. వాళ్లు బాప్టిస్టులు, మద్యం ముట్టరు. మనం కేథలిక్కులం. మన పూజలో ద్రాక్షతో చేసిన నిజమైన వైనే ఉండాలని సభ నియమం. వాళ్ల ప్రభురాత్రి భోజనంలో పులియని ద్రాక్షరసం ఇస్తారు. 1869లో థామస్ వెల్చ్ అనే అమెరికన్ మెథడిస్టు, ద్రాక్షరసం పులవకుండా వేడిచేసి సీసాలో నిలవ ఉంచే పద్ధతి కనిపెట్టింది కూడా చర్చిలో ఆ అవసరం కోసమే. వాళ్ల పట్టుదల వెనక విశ్వాసం ఉంది. నీ బల్ల దగ్గర వాళ్లకు ఒక స్టీలు గ్లాసుతో నీళ్లు, మిగతావాళ్లకు కాడ గ్లాసుల్లో వైన్ పెడితే, నోరు తెరిచి ఎవరూ ఏమీ అనకపోయినా అది లోటే. వాళ్లకూ అవే గ్లాసులు పెట్టు. వాటిలో జింజర్ వైన్ పొయ్యి.

పేరు చూసి భయపడకు, అందులో మద్యం చుక్క ఉండదు. ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కి పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ తాగేది. పావుకిలోకి కాస్త తక్కువ అల్లం దంచి, నాలుగైదు ఎండుమిరపకాయలు, దాల్చినచెక్క, లవంగాలు వేసి రెండు లీటర్ల నీళ్లలో అరగంట సన్నని సెగ మీద మరిగించు. వడకట్టి ముప్పావు కిలో చక్కెర వేసి మళ్లీ ఒక పొంగు రానివ్వు. రంగు కోసం రెండు చెంచాల చక్కెరను విడిగా బాణలిలో నల్లబడేదాకా మాడ్చి కలపాలి. చల్లారాక నాలుగు నిమ్మకాయలు పిండి సీసాకెత్తుకో. వడ్డించేటప్పుడు ఒక పాలుకి రెండు పాళ్లు చల్లని నీళ్లు. తీపి, పులుపు, ఘాటు మూడూ ఉంటాయి కాబట్టి మిరియాల గ్రేవీకీ గోంగూరకీ కూడా అది వైన్‌కన్నా బాగా కుదురుతుంది. ఇది మర్యాదకోసం అంటున్న మాట కాదు. నువ్వే రుచి చూడు. వారం ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో.

ఇంట్లో వైన్ చేద్దామా అని మీ ఆయన అన్నాడట. పాతకాలంలో ఇక్కడి ఇళ్లలో నల్ల ద్రాక్ష, చక్కెర, ఈస్టు, గుప్పెడు గోధుమలు జాడీలో వేసి మూడు వారాలు పులియబెట్టేవారు. ఇప్పుడైతే లైసెన్సు లేకుండా చెయ్యడానికి, అమ్మడానికి 1968 నాటి ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. ఎవరో తెచ్చి అమ్ముతున్నారని కూడా కొనొద్దు. ఎలా పులిసిందో, ఏం కలిపారో మనకు తెలియదు. ఆ తీపి వైన్ రుచి కోసమే అయితే సులా లేట్ హార్వెస్ట్ షెనిన్ బ్లాంక్ చిన్న సీసా, 375 మిల్లీలీటర్లది, దొరుకుతుంది. దాన్ని భోజనంతో పొయ్యకు. ప్లమ్ కేక్ కోసినప్పుడు తియ్యి. కేకు కంటే వైన్ తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ పుల్లగా తగులుతుంది. మిగిలిన రోజేని కేకుతో ఇచ్చేస్తే అదే జరుగుతుంది.

లెక్క ఇది. 750 మిల్లీలీటర్ల సీసాకు ఐదు గ్లాసులు వస్తాయి. పన్నెండు మందిలో తాగేది ఏడుగురు. మనిషికి రెండున్నర గ్లాసుల చొప్పున నాలుగు సీసాలు సరిపోతాయి. రెండు రోజే, ఒక షెనిన్ బ్లాంక్, ఒక సాంజొవేజే. ఆపైన కేకుకి ఆ చిన్న సీసా. కారు నడిపి వెళ్లేవాళ్లు ఎవరో ముందే కనుక్కో. రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, రెండు గ్లాసులకే అది దాటవచ్చు. వాళ్లకూ జింజర్ వైనే. 21 నిండని పిల్లలు ఎంత బతిమాలినా పొయ్యకు.

కొనేటప్పుడు షాపులో ఎండ తగిలే అరలో నిలబెట్టిన సీసా తీసుకోకు, ఎండకు వైన్ ఉడికిపోతుంది. లేబుల్ మీద ఏడాది చూడు. మన దగ్గర ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా. వైట్, రోజే ఈ ఏటివో నిరుటివో అయి ఉండాలి, అంతకన్నా పాతవి వద్దు.

రెడ్ వైన్ మామూలు గది వేడిలో ఇవ్వాలంటారు. ఆ గది ఐరోపాలోది, 16 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది. పన్నెండు మంది కూర్చుని, ఓవెన్ వెలుగుతున్న నీ హాలు డిసెంబరులోనూ అలా ఉండదు. సాంజొవేజేని వడ్డించే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. వైట్, రోజే పొద్దున్నే పెట్టేసెయ్. సగం గ్లాసుకు మించి నింపకు, చల్లగా ఉండగానే అయిపోవాలి.

టర్కీకి కోడి దుకాణంలో ఇప్పుడే చెప్పి పెట్టు, పండగ వారంలో దొరకదు. ముందు నీ ఓవెన్ లోపలి కొలత తీసుకో. ఐదు కిలోల పక్షి చాలా ఇళ్ల ఓవెన్లలో పట్టదు. పట్టకపోతే తొడలు వేరుచేసి రెండు ట్రేలలో కాల్చు. రొమ్ము ఎండిపోకుండా ముందు తీయడానికి అదే మంచి పద్ధతి కూడా. ఫ్రీజర్‌లోది అయితే మూడు రోజుల ముందే కింది అరలోకి దించు. తొడ లావుపాటి చోట థర్మామీటరు 74 డిగ్రీలు చూపించాకే బయటికి తియ్యి.

వచ్చే ఆదివారం ఒక మామూలు కోడి తెచ్చి, అదే గ్రేవీతో ఒకసారి వండు. మిరియం ఎంత పడిందో నాలుకకు తెలిశాక, రోజే ఒక్క సీసా తెరిచి మీ ఇద్దరూ రుచి చూడండి. తీపి చాలదనిపిస్తే రోజేలు తగ్గించి షెనిన్ బ్లాంక్ పెంచుకోవచ్చు, మిగతా సీసాలు ఆ తర్వాతే కొను. కాడ గ్లాసులు నా దగ్గర ఒకటిన్నర డజను ఉన్నాయి. 23న సాయంత్రం అల్లుణ్ణి పంపు, పాత కాగితాల్లో చుట్టి సిద్ధంగా ఉంచుతాను.

నీ
పెద్దమ్మ