మానిటర్‌ మీద 91... ఆక్సిజన్ పెంచరేం?

ప్రశ్న: మా నాన్నకు 64 ఏళ్లు. చుట్ట అలవాటు, చాన్నాళ్లుగా ఆయాసం. నిమ్ము చేసి విజయవాడలో ఐసీయూలో ఉన్నారు. ఆక్సిజన్ 90, 91 దగ్గరే ఉంటోంది. పెంచమంటే అక్కర్లేదంటున్నారు. ఇది నిర్లక్ష్యం కాదా?
– ఒక పాఠకురాలు, రెడ్డిగూడెం

జవాబు: మీ భయం నాకు అర్థమైందమ్మా. 2021 మేలో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక రోగులు చనిపోయిన సంగతి మనమెవరం మరువలేదు. కానీ మీ నాన్నగారికి ఆక్సిజన్ కొరత లేదు, కొలిచి ఇస్తున్నారు.

ఏళ్ల తరబడి పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. మనిషి మత్తులోకి జారతాడు. అందుకే ఇలాంటివారికి రక్తంలో ఆక్సిజన్‌ను 88–92 శాతం మధ్య ఉంచుతారు. మిగతావారికి సాధారణంగా 94–98. వెంటిలేటర్‌ మీదున్న 16,500 మందిపై బ్రిటన్‌లో జరిపిన పరిశోధన ఫలితాలు 2025లో వచ్చాయి. 90 దగ్గర ఉంచినవారిలో, మామూలు పద్ధతిలో ఇచ్చినవారిలో మరణాలు దాదాపు సమానమే. తగ్గించడం వల్ల మేలూ తేలలేదు, కీడూ తేలలేదు.

డాక్టరుగారిని రెండే అడగండి: ‘నాన్నకు ఎంత ఉండాలనుకుంటున్నారు? రక్తపరీక్షలో బొగ్గుపులుసు వాయువు ఎంతుంది?’ అడగడం మీ హక్కు, మొహమాటపడకండి. ఆక్సిజన్ మీటరు మాత్రం మీరు తిప్పొద్దు. మానిటర్‌కు ఆ అంకె వేలికి పెట్టిన క్లిప్పు నుంచి వస్తుంది కాబట్టి, వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా తప్పు చూపొచ్చు.

అంకె 88 కిందికి దిగి అక్కడే ఉన్నా, పెదాలు నీలంగా మారినా, పిలిస్తే పలక్కుండా మత్తుగా ఉన్నా వెంటనే నర్సును పిలవండి. ఇంటికొచ్చాక ఇవే కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.