మీ ఇంట్లో శాసనం ఏది?

మా రాజమహేంద్రవరం ఎండల సంగతి గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట వీధి అరుగు మీద కూర్చోలేం. అలాంటి ఎండల్లో ఇరవై రెండు వేసవులు పిల్లల్ని పోగేసి మ్యూజియానికీ, పుష్కరాల రేవుకీ, ధవళేశ్వరానికీ తిప్పాను. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసేవాణ్ణి. సెలవులివ్వగానే చరిత్ర పిచ్చి ఉన్న నలుగురం కలిసి పది రోజుల శిబిరం పెట్టేవాళ్లం.

ఇప్పుడు మోకాళ్లు మాట వినడం లేదు. ఈ వేసవి నుంచి శిబిరం తాము నడుపుతామని కొందరు కుర్రాళ్లు మొన్న ఇంటికొచ్చారు. "మాస్టారూ, మీకు తెలిసింది నాలుగు ముక్కల్లో రాసివ్వండి" అన్నారు. నాలుగు ముక్కల్లో ఇమడలేదు. తొమ్మిదయ్యాయి.

1. ఎండతో పందెం కట్టకండి

మొదటి ఏడు బడి లెక్కనే పదింటికి మొదలుపెట్టాం. మూడో రోజు ఒక పిల్లాడు రేవు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డాడు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు, పిల్లాణ్ణి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత రోజుల్ని రెండు రకాలుగా విడదీశాం. బయటి రోజు తెల్లవారుజామున ఆరింటికి మొదలై ఎనిమిదిన్నరకు ఆఖరు. గుడి, గట్టు, పాత వీధులు అప్పుడే. లోపలి రోజు మ్యూజియం తలుపులు తీశాక. గుమ్మం దాకా ఆటోలో రావడం, ఆటోలోనే వెళ్లడం. ఏ రోజైనా ముందుగా కుండ మజ్జిగ వచ్చిందా లేదా చూసుకుని, తర్వాతే హాజరు పిలిచేవాళ్లం. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. రోళ్లు పగిలే రోజుల్లో పిల్లల్ని నడిపించకండి.

2. తేదీలు వేసవిలోనే ఉన్నాయి, వెతుక్కోండి

సందర్భం ఉంటే పిల్లలు వస్తారు. మా ఊరికి ఆ లోటు లేదు. కందుకూరి వీరేశలింగం పుట్టింది 1848 ఏప్రిల్ 16న, పోయింది 1919 మే 27న. మా శిబిరం ఆ రెండు తేదీల మధ్యలోనే ఎప్పుడూ. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పటికీ ఉంది. 1881 డిసెంబరులో ఈ ఊళ్లో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారన్న మాట తరగతి గదిలో చెబితే పిల్లలు నోట్సు రాసుకుంటారు. ఆ ఇంటి నడవాలో కూర్చోబెట్టి చెబితే, "అప్పుడు పక్కింటివాళ్లు ఏమన్నారండీ?" అని అడుగుతారు. నాకు కావలసింది ఆ ప్రశ్నే.

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, 1977 నుంచి జరుగుతోంది. మే 15 కాటన్ దొర పుట్టినరోజు. ఆ రోజు ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లేవాళ్లం. ఆయన కట్టించిన గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని చెప్పి ఊరుకోకండి. అంతకుముందు ఈ డెల్టాలో కరువుకు జనం పోయారని, అదే నది మరో ఏడు పొంగి ముంచేదని చెప్పాకే నమూనాలు చూపండి. కథ తెలియకపోతే పిల్లవాడికి అదొక ఇనుప సామాను.

3. రోజుకు ఒక్క వస్తువు చాలు

మొదటి ఏడు చేసిన ఇంకో తప్పు ఇది. ముప్ఫయి మందిని గంటలో మ్యూజియం అంతా తిప్పేశాను. బయటికొచ్చాక "ఏం చూశార్రా?" అంటే ఒకడు "పెద్ద ఫ్యాను మాస్టారూ" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఆ ఉక్కలో వాడికి అవసరమైనది అదే.

తర్వాత పద్ధతి మార్చాం. ఒక్క వస్తువు ముందు అరగంట కూర్చోవాలి. పెన్సిలుతో బొమ్మ గీయాలి. గీయడం రాకపోయినా గీయాలి. గీస్తే తప్ప కన్ను ఆగదు. ఈ ఊరివాడే దామెర్ల రామారావు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయాడు. ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు తీసుకెళ్లి, ఇంత చిన్న వయసులో ఇన్ని బొమ్మలు ఎలా వేశాడో చూడండని చెప్పేవాణ్ణి. తెల్లారి నుంచి పెన్సిలు పట్టనివాడు ఉండేవాడు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడింది మాత్రం ఒక కుండపెంకు. లోపల నలుపు, బయట ఎరుపు. "రెండు రంగులు పూశారా?" అని అడుగుతారు. పూయలేదు. కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి తగలని లోపలి వైపు నల్లబడింది, గాలాడిన బయటి వైపు ఎర్రబడింది. ఇనుము కొత్తగా వస్తున్న కాలం నాటి కుండలు ఇలాంటివి దక్షిణాదిన చాలాచోట్ల దొరికాయి. పెంకు లోపలివైపు సన్నటి గీతలు చూపించి, "ఇవి సారె తిరుగుతుంటే పడ్డ వేలి జాడలు" అన్నప్పుడు పిల్లలు తమ వేళ్లు చూసుకుంటారు. రాజుల పేర్లు పది చెప్పినా అలా చూసుకోరు.

4. చేతులకు పని చెప్పండి

శాసనం అంటే పిల్లలకు పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. దాని ప్రతి తీయడం నేర్పితే అది ఆటవుతుంది. రాయిని శుభ్రంగా కడగాలి. తడిపిన కాగితం పరవాలి. గట్టి బ్రష్షుతో కొట్టుకుంటూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక, సిరాలో ముంచిన గుడ్డ మూటతో పైపైన అద్దాలి. గుంటల్లో సిరా పడదు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. అవి లేచేటప్పుడు పిల్లల నోటి నుంచి ఒక చప్పుడు వస్తుంది. దానికోసమే నేను ఇరవై రెండేళ్లు చేశాననుకోండి.

అసలు శాసనం మీద మాత్రం పిల్లల చేత చేయించకండి. అది తెలిసినవాళ్ల పని, అనుమతి కావాలి. మాకు పాత బడి కూలగొట్టినప్పుడు మిగిలిన శంకుస్థాపన ఫలకం దొరికింది. దాని మీదే సాధన. ఫలకంలో సగం పైగా పెద్దల పేర్లే. బడి పేరు ఒక్క వరుస. "కట్టిన మేస్త్రి పేరేది మాస్టారూ?" అని ఒకడు అడిగాడు. శాసనాలు ఎవరి సంగతి చెబుతాయో, ఎవరి సంగతి చెప్పవో నేను వేరే పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఈ పనికి మా ఊళ్లో పాత దారి ఉంది. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లో ఇక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. శాసనాలు వెతికి, చదివి, అచ్చువేసిన పెద్దలు వాళ్లు. ఇప్పటి మ్యూజియానికి ఉన్న రాళ్లబండి సుబ్బారావు గారి పేరు కూడా ఆ తరానిదే. 1923లో చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావు గారు పోయాక, ఆయన పేరుతో హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది, తెలంగాణ శాసనాలను అచ్చువేసింది. మీరు కొత్తగా ఏదీ మొదలుపెట్టడం లేదు. ఆగిన బండిని తోస్తున్నారు.

5. "ముట్టుకోకు" అనేముందు ఎందుకో చెప్పండి

వద్దంటే చెయ్యి అటే పోతుంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుందని, లోహపు విగ్రహాన్ని అది తినేస్తుందని చెప్పండి. గుళ్లో శాసనం మీద సున్నం కొడితే అక్షరం పూడిపోతుందని చూపండి. అమరావతి సంగతి చెప్పండి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేసరికే స్తూపం రాళ్లు ఊడదీసుకుపోతున్నారు. పాలరాయి లాంటి ఆ సున్నపురాతి శిల్పాలు కొన్ని సున్నానికి కాలిపోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం ఈ రోజు చెన్నై ఎగ్మూరులోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉంది. అది విన్నాక మా పిల్లలే కొత్తవాళ్ల చేతులు పట్టుకుని ఆపేవారు.

6. దొరికింది మనది కాదు

ఒక ఏడు ఒక కుర్రాడు అగ్గిపెట్టెలో నాలుగు రాగి నాణేలు తెచ్చాడు. పునాది తవ్వుతుంటే దొరికాయట. "మన శిబిరానికి ఉంచేసుకుందాం మాస్టారూ" అన్నాడు. ఆశ పుట్టింది నాకూ. పుట్టలేదంటే అబద్ధం.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో పది రూపాయలకు మించిన విలువగలది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినది పురావస్తువు. రాతప్రతులకైతే డెబ్బై అయిదేళ్లే. ఆ కుర్రాణ్ణీ, వాళ్ల నాన్ననూ వెంటబెట్టుకుని నేనే ఆఫీసుకు వెళ్లాను. మా మిత్రుడొకాయన మంచి మనసుతోనే తాళపత్రాలు ఇంట్లో దాచాడు. ఆయన పోయాక పెట్టె తెరిస్తే చెదలు మాత్రం మిగిలాయి. ప్రేమ ఒక్కటే కాపాడలేదు.

7. తాతలనూ మామ్మలనూ పిలవండి

మా శిబిరంలో అన్నిటికన్నా బాగా సాగిన రోజు వరద రోజు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఈ లెక్క పిల్లల బుర్రకెక్కదు. అందుకని లంకల్లో ఉండి ఆ వరద చూసిన పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెట్టాం.

ప్రశ్నలు అడగడం ముందే నేర్పండి. "వరద గురించి చెప్పండి" అంటే పెద్దాయన "అబ్బో, చాలా పెద్ద వరద బాబూ" అని ఆగిపోతాడు. "నీళ్లు మీ ఇంట్లో ఎందాకా వచ్చాయి తాతయ్యా? ఆ రాత్రి ఏం తిన్నారు? ముందుగా ఏది పైకెత్తారు?" అని అడగాలి. ఒక మామ్మ కొత్తావకాయ జాడీ ఎత్తానంది. అందరూ నవ్వారు. "నవ్వకండర్రా. పదకొండు మందిమి మూడు రోజులు దాంతోనే బతికాం" అంది. ఆ మాట ఏ గెజిట్‌లో దొరుకుతుంది? పిల్లల చేత అప్పటికప్పుడే రాయించండి, ఊరు, ఏడు, పేరు వేయించండి. ఆ మామ్మ మరుసటి వేసవికి లేదు.

హేవలాక్ వంతెన మీద రైలెక్కినవాళ్లు ఇంకా ఉన్నారు. 1900 నుంచి 1997 దాకా నడిచిన వంతెన అది. ఆ చప్పుడు ఎలా ఉండేదో చెప్పించండి. త్వరపడండి.

8. ఉపన్యాసాలు తగ్గించండి

ఒకసారి ముగింపు సభకు ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు, మరో గంట మాట్లాడాడు. పిల్లలు గీసిన బొమ్మలు ఎవరూ చూడలేదు. మరుసటేడు నుంచి అతిథులు లేరు, దండలు లేవు. పిల్లలే తలా ఒక వస్తువు పక్కన నిలబడి అమ్మానాన్నలకు చెప్పేవారు. మజ్జిగకూ, కాగితాలకూ, ఆటోలకూ చందాలు సరిపోయేవి. ఫ్లెక్సీలకు మిగిలేది కాదు, అదే మంచిదైంది.

9. ఇంటికి ఒక ప్రశ్న ఇచ్చి పంపండి

శిబిరం పది రోజులే. ఇల్లు ఏడాదంతా ఉంటుంది. అందుకే మొదటి రోజే అడిగేవాణ్ణి: "మీ ఇంట్లో శాసనం ఏది?"

ఒక ఏడు ఏడో తరగతి పిల్ల ఇత్తడి మరచెంబు తెచ్చింది. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. వాళ్ల ముత్తవ్వ పేరు, పుట్టింటివారి పేరు, 1938. బల్ల మీద పెట్టి అందరి చేతా చదివించాను. ఇచ్చినవారు ఉన్నారు, పుచ్చుకున్నవారు ఉన్నారు, కాలం ఉంది. దానశాసనానికి ఇంకేం కావాలి? "దీన్ని హరించినవారు పురుగై పుడతారు" అన్న శాపం ఒక్కటే తక్కువ. మర్నాడు బిందెలు, పళ్లేలు, పందిరిమంచం పలకలు, తాతగారి పెట్టెలు ఒకటే రాక. కొన్ని ఇళ్లలో అప్పటిదాకా ఎవరూ ఆ అక్షరాలు చదవనేలేదట.

ఆ పిల్లే నన్ను అడిగింది. "మాస్టారూ, మరి మీ ఇంట్లో?"

మా అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఇత్తడి గంగాళం ఉండేది. అంచు మీద ఆవిడ పేరు కొట్టించి ఉండేది. ఆవిడ పోయాక, అడ్డంగా ఉందని, వీధిలోకొచ్చిన సామాన్లవాడికి వేసి రెండు స్టీలు బేసిన్లు తీసుకున్నాం. అప్పటికే నేను బళ్లో చరిత్ర చెబుతున్నాను.

పేరు పక్కన ఏదో సంవత్సరం కూడా ఉండేది. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. చిన్నప్పటి నుంచి రోజూ స్నానానికి నీళ్లు తోడుకున్నది అందులోంచే.